పాపాఘ్ని ఒడ్డున ఖర్జూరం

మా ఊళ్లో ఖర్జూరం గింజలు నాటిన మనిషికి అప్పటికే చక్కెర జబ్బు ఉంది. ఆ సంగతి ఆయన భార్యకూ నాకూ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. నేను పులివెందులలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. ఇక తిరిగి వెళ్లేది లేదని సౌదీ నుంచి దిగిపోయిన వారంలోనే ఆయన బస్సెక్కి నా దగ్గరికి వచ్చి, డ్యూటీ గది బయట బల్ల మీద కూర్చుని వేలు చాచాడు.

"సూడు పాపా. ఆడ డాక్టరు శానా ఎక్కువుండాది అన్నాడు. ఈడ దిగినాక ఏమన్నా తగ్గిందేమో సూడు."

తగ్గలేదు. అంకె చెప్పగానే ఆయన నవ్వేశాడు. "ఇరవై ఏండ్ల పైన ఖర్జూరం తోటలో చేసినా గదా. ఒంటికి తీపి పట్టకుండా యాడికి పోతాది?"

నవ్వే విషయం కాదని కోప్పడ్డాను. మాత్రలు ఎలా వేసుకోవాలో చెప్పాను. అన్నిటికీ తల ఊపి, పోయేటప్పుడు మాత్రం, "మీ నాయనకు చెప్పొద్దు. ఊరంతా చాటుతాడు" అన్నాడు.

ఆయన్ని నేను మామా అంటాను. మాది గొర్రెలు మేపే ఇల్లు, వాళ్లది కళాయి పెట్టే ఇల్లు. చక్రాయపేట నుంచి గండికి వచ్చే దారిలో, పాపాఘ్ని ఒడ్డుకు దగ్గరగా మా చేను, వాళ్ల చేను ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. మా అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది, కాబట్టి నాకు మామ. ఆయన భార్య అత్త. మా నాయనకు బావ. మతాలు వేరైనా మా పక్క ఇలాంటి వరసలు కలుపుకోవడానికి ఎవరూ ఎవరినీ అడగరు.

ఆయన తండ్రి కొలిమి తిత్తి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు, రాగి కాగులకు తగరం పూత పూసేవాడు. మామ కూడా కుర్రతనంలో ఆ పనే నేర్చాడు. తర్వాత ఇళ్లలోకి స్టీలు గిన్నెలు వచ్చాయి, కళాయితో పని లేకుండా పోయింది. డ్రైవరు పని అని చెప్పి ఎవరో వీసా ఇప్పిస్తే సౌదీ వెళ్లాడు. దిగిన తర్వాత స్టీరింగు బదులు చేతికి కొడవలి ఇచ్చి ఖర్జూరం తోటకు పంపారు. అప్పటిదాకా ఆయన వేపచెట్టు కూడా ఎక్కినవాడు కాదు. మొదటి రోజు మట్టల మొదళ్లలో ఉన్న ముళ్లు చూసి ఏడ్చానని ఆయనే చెప్పేవాడు. అయినా ఉండిపోయాడు. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలుండి పోయేవాడు. అత్త ఇక్కడే, మా అమ్మకు తోడుగా, మా అమ్మ పోయాక మా నాయనకు రెండు పూటలా కూర పంపిస్తూ, ఆ ఇంట్లోనే బతుకు గడిపింది.

రాష్ట్రం రెండుగా విడిపోయిన కొత్తలో ఆయన తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు అందరిలాగే కంబళ్లు, అత్తరు సీసాలు తెచ్చాడు. వాటితోపాటు గుడ్డసంచిలో ఖర్జూరం గింజలు తెచ్చాడు. తోటలో ఆయనకు బాగా నచ్చిన ఒక చెట్టు కాయలు తిని, గింజలు కడిగి ఆరబెట్టి దాచుకున్నవి.

మామకున్న చేలో ఒక వారన చౌడు నేల ఉంది. తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. అక్కడ సెనగ వేస్తే మొలవదు, చీనీ బత్తాయి చెట్టు పెడితే ఆకు మాడిపోతుంది. బోరు నీళ్లు కూడా ఉప్పగానే వచ్చేవి. ఖర్జూరానికి ఆ ఉప్పు లెక్కలేదని ఆయన అక్కడే గుంతలు తీయించాడు. మా నాయన వేసవిలో గొర్రెల మందను ఆ నేలలో రాత్రుళ్లు నిలిపాడు. ఎరువు పడాలని ఎవరి చేలోనైనా అలా మంద కడితే బదులుగా ఏదో ఒకటి పుచ్చుకునే మనిషి, బావ దగ్గర మాత్రం టీ తాగి వచ్చేసేవాడు.

మొలకలు లేచి ఆకులు చీలేసరికి ఊరికి నవ్వులాట అయింది. ఎందుకంటే అవి చూడటానికి అచ్చం మా ఏటి ఒడ్డున ఎవరూ నాటకుండా లేచే ఈతచెట్లలాగే ఉన్నాయి.

"ఈతచెట్లకు బోరు నీళ్లు పెట్టే మొగోన్ని ఇప్పుడే చూస్తాండాం అప్పా!" అని గట్టు మీద పోయేవాళ్లు అరిచేవారు.

"మీ మనవళ్లకు పెడతాలే కాయలు, మీకు పెట్టను పో!" అని మామ కూడా అరిచేవాడు.

వాళ్లకు తెలియనిదీ, ఆయనకు తెలిసినదీ ఇంకొకటి ఉంది. ఖర్జూరంలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. తోటలవాళ్లు గింజ నాటరు. మంచి ఆడచెట్టు మొదట్లో వచ్చే పిలకలను తీసి నాటుతారు, అప్పుడు పిల్ల కూడా తల్లిలాగే ఉంటుంది. విమానంలో పిలకలు తేలేక గింజలు తెచ్చుకున్నాడు. "గింజ అంటే జూదం పాపా," అని ఒకసారి నాతో అన్నాడు. "ఆడదో మొగదో పూత వచ్చేదాకా అల్లాకు తప్ప ఎవరికీ తెల్దు. కాయ ఎట్లుంటాదో అదీ తెల్దు."

ఏళ్లు గడిచాయి. చెట్లు మనిషి ఎత్తు దాటాయి. ఒక చలికాలం చివర మొదటిసారి కొన్ని చెట్లకు మట్టల మధ్య కత్తి ఒరల్లాంటి డొప్పలు బయటికి వచ్చాయి. నేను ఆ ఆదివారం ఊళ్లోనే ఉన్నాను. మామ ఒక డొప్పను గోటితో చీల్చి చూశాడు. లోపల మెత్తగా, తెల్లగా, పిండి రాలే పూత. రెండోది చీల్చాడు. అదీ అంతే. పూతకు వచ్చిన చెట్లన్నీ మగవే.

మామ చేతికి అంటిన పుప్పొడిని లుంగీకి తుడుచుకుని ఇంటికి వచ్చి మంచం మీద పడుకున్నాడు. అత్త నాతో మెల్లగా, "రెండు దినాలు గమ్మునుండనీ, వాడే లేస్తాడు" అంది. మొగుణ్ణి ఎదుట 'మీరు' అనే మనిషి, బాధగా ఉన్నప్పుడు మాత్రం నా దగ్గర 'వాడు' అనేది.

రెండు రోజుల తర్వాత నిజంగానే లేచాడు. ఒక మగచెట్టు ఉంటే తోటకంతా చాలని, నీళ్లు దండగని, బలమైనది ఒకటి ఉంచి మిగతా మగవాటిని కొట్టించేశాడు. ఇంకా పూతకు రాని చెట్లు సగానికి పైగా ఉన్నాయి. వాటి మీద ఆశ పెట్టుకున్నాడు. కొట్టేసిన చెట్ల మట్టలతో అత్త చాపలు, చీపుర్లు అల్లింది. మా నాయన గొర్రెపిల్లల దొడ్డికి కంచె కట్టుకున్నాడు.

ఆ ఎండాకాలం ఉంచిన ఆ ఒక్క మగచెట్టుకు కొమ్ముపురుగు పట్టింది. నడినెత్తిలో తొలుచుకుంటూ పోయింది. నడిమి లేతాకు మొవ్వు లాగితే చేతికి ఊడి వచ్చింది, చెట్టు చచ్చిపోయింది. ఆ పురుగు ఎరువు దిబ్బల్లో పెరుగుతుందని ఎవరో చెప్తే మా నాయన ముఖం చిన్నబోయింది.

"నా ఎరువులోనించే పుట్టిందేమో బావా" అన్నాడు.

"నీ ఎరువు ల్యాకపోతే చెట్లే ల్యాకపాయ. ఊరుకో బావా" అన్నాడు మామ.

మరుసటి ఏడు, శివరాత్రికి ముందు, రెండు చెట్లకు ఆడపూత వచ్చింది. పసుపుపచ్చ పూసలు గుచ్చినట్టు పొడుగాటి కొమ్మలు. అత్త వెంటనే నాకు ఫోను చేసి చెప్పింది. కానీ పూతకు వచ్చిన మగచెట్టు తోటలో ఒక్కటీ లేదు. ఖర్జూరానికి గాలిని నమ్ముకుంటే కుదరదు. మగపూత కొమ్మలు తెచ్చి, ఆడపూత మధ్యలో ఉంచి, దారంతో వదులుగా కట్టాలి. డొప్ప పగిలాక నాలుగైదు రోజుల్లో కట్టకపోతే పూత ఉత్తదే.

అప్పుడు మా నాయన అన్నాడు, "ఏట్లో ఈతచెట్లుండాయి గదా బావా. అవీ దీని చుట్టాలే గదా. కాయ కాయని ఈతచెట్టు ఒగటి నాకు తెలుసు, గండికి ఈపక్క మడుగు దగ్గర. అది మొగదే అయ్యుంటాది."

ఈత, ఖర్జూరం ఒకే వంశానివని మామకు సౌదీలో ఒక పాకిస్తాను కూలీ చెప్పాడట. సింధు ఏటి పక్కన వాళ్ల ఊళ్లోనూ రెండూ ఉంటాయట. పని చేస్తుందో లేదో తెలియదు. అయినా ఇద్దరు ముసలివాళ్లూ కలిసి ఏట్లోకి పోయారు. ఈతచెట్టు పొట్టిదే గానీ దాని ముళ్లు సూదుల్లాంటివి. మామ చెప్పులు విడిచి ఎక్కాడు. పూత కోసుకొచ్చి ఆ సాయంత్రమే రెండు చెట్లకూ కట్టాడు.

కాలిలో ముల్లు విరిగిన సంగతి ఆయనకే తెలియలేదు. చక్కెర ముదిరినవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. అందుకే చెప్పుల్లేకుండా నడవొద్దని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో. వారం తర్వాత ఊరికి పోతే ఆయన గడపలో కూర్చుని ఉన్నాడు. దగ్గరికి పోగానే వాసన తెలిసింది. ఇరవై ఏళ్లుగా పుండ్లకు కట్లు కడుతున్న ముక్కు నాది.

"కాలు చూపించు మామా."

"ఏం ల్యా. గీరుకునింది."

"చూపించు."

చిటికెన వేలు నల్లబడింది. పక్క వేలు వాచి ఉంది. అత్త చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకు కూడా చూపించలేదు ఆయన. అదే రోజు ఆటోలో పులివెందులకు తీసుకొచ్చాను. అక్కడ మా డాక్టరు చూసి, ఆలస్యం చేస్తే పాదమే పోతుందని, ప్రొద్దుటూరులో సర్జను దగ్గరికి పంపాడు. ప్రొద్దుటూరులో అత్త తమ్ముడు ఉన్నాడు, ఐస్‌క్రీము, కూల్‌డ్రింకుల అంగడి నడుపుతాడు. వాళ్ల ఇంట్లో దిగారు. రెండు వేళ్లు తీసేశారు. పాదం నిలిచింది.

ఆ తర్వాతి నెలల్లో నా సెలవు రోజుల్లో ప్రొద్దుటూరు పోయి కట్టు చూసి వచ్చేదాన్ని. మామ మంచం మీద కాలు దిండుపై పెట్టుకుని పడుకుని ఉండేవాడు. నొప్పి గురించి మాట్లాడడు. తోట గురించి అడిగితే గోడవైపు తిరుగుతాడు. మనిషి అలా ముడుచుకుపోతుంటే పుండు కూడా మానదు, అది నేను వార్డులో చూసిందే. అందుకని సౌదీ సంగతులు అడిగాను. మొదట ముక్తసరిగా, తర్వాత దారిన పడి చెప్పాడు.

తోట యజమాని ముసలాయన. ఆయనకు ప్రాణమైన చెట్ల జాతి ఇరాక్‌లో బస్రా నుంచి వచ్చిందట. అక్కడ రెండు నదులు కలిసి సముద్రంలో పడే చోట కంటికి ఆనినంత మేరా ఖర్జూరమే ఉండేదట. యుద్ధాల్లో చాలా చెట్లు కాలిపోయాయట. ఆ మాట చెప్పేటప్పుడు ఆ ముసలాయన తన ఇల్లు కాలినట్టే కళ్లు తుడుచుకునేవాడట. తోటలో పనిచేసేవాళ్లలో ఈజిప్టు వాడొకడు ఉండేవాడు. వాళ్ల దేశంలో వేల ఏళ్ల నాటి సమాధుల్లో కూడా ఖర్జూరం గింజలు దొరికాయని గొప్పలు పోయేవాడు. సింధు నుంచి వచ్చినవాడు, ఎప్పుడో దండెత్తి వచ్చిన సైనికులు తిని ఉమ్మేసిన గింజల నుంచే తమ తోటలు లేచాయని చెప్పేవాడు. "ఎవురి చెట్టు వాళ్లకు గొప్ప పాపా. అందరూ కలిసి కొట్లాడుకునేటోల్లు. నేనే గమ్మునుంటి. మన ఊళ్లో ఈతచెట్టుండాది అంటే నవ్వుతారని."

నేను ఆ కబుర్లు విని ఇంటికి పోయి ఫోనులో వెతికి చదివేదాన్ని. తర్వాతి సారి ఆయనకు చెప్పేదాన్ని. ఖర్జూరాన్ని మనుషులు తోటగా పెంచడం ఆ ఇరాక్ నదుల మధ్యా, ఆ సముద్రం ఒడ్డునా మొదలైందని చెబుతారు గానీ మొట్టమొదటి అడవి చెట్టు ఎక్కడిదో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదట. అరబ్బులు దాన్ని ఆఫ్రికా ఉత్తర తీరం పొడుగునా, సముద్రం దాటి స్పెయిన్‌ దాకా తీసుకుపోయారు. స్పెయిన్‌వాళ్లు గింజలు పట్టుకుని ఓడల్లో అమెరికా ఖండానికి పోయారు. తర్వాత అమెరికావాళ్లు ఎడారిలో నాటుకోవడానికి ఓడల్లో పిలకలే తెప్పించుకున్నారు, బస్రా వైపు నుంచి కూడా.

"ఓడలో పిలకలా? వాడిపోలేదా?" మామ మోచేతి మీద లేచాడు.

"తడిపిన గోనెలు చుట్టుంటారేమో."

"మట్టలు కట్ చేసి, బెరడుకు బురద పూసి గోనె చుట్టాల. నెల ఉంటాది. నెల పైనే ఉంటాది," అన్నాడు. ఆ రోజు అన్నం పూర్తిగా తిన్నాడు.

ఇంకోసారి, యూదుల దేశంలో ఒక పాత కోట శిథిలాల్లో దొరికిన రెండు వేల ఏళ్ల నాటి గింజను నాటితే మొలిచిందని చదివాను. మొలిచి, పెరిగి, పూత పూసిందట.

"ఆడదా మొగదా?" వెంటనే అడిగాడు.

"మగదట మామా."

ఆయన పడీపడీ నవ్వాడు. కాలు కదిలి నొప్పెట్టి, నవ్వుతూనే మూలిగాడు. వంటింట్లోంచి అత్త పరుగెత్తుకొచ్చింది. ఆపరేషను తర్వాత ఆయన నవ్వడం ఆమె అదే మొదటిసారి చూడటం.

ఆ మధ్యలో అత్త వారానికోసారి బస్సులో ఊరికి పోయి తోట చూసుకుని వచ్చేది. ఈతపూత పట్టింది. పూసలు పచ్చిమిరప గింజంత, తర్వాత రేగుకాయంత అయ్యాయి. గెలలో కాయలు ఎక్కువైతే ఏదీ సరిగా పెరగదని, కొన్ని కొమ్మలు కోసేయాలని మామ ఫోనులో చెప్పేవాడు. కాయ నిలిచాక కోయడానికి ఆమెకు మనసొప్పేది కాదు.

"కోసినావా?"

"కోస్తాండా."

"నిజంగా కోస్తాండావా?"

"కొడవలి చేతిలో పెట్టుకొని మీతో మాట్లాడుతాండా, ఇంకేం కావాల?"

మా నాయన నిచ్చెన పట్టుకుంటే ఆమె ఎక్కి కోసింది. చిలకలు, ఉడతలు పడకుండా పాత చీరలు చించి గెలలకు కట్టింది. అప్పటిదాకా ఆ తోట ఆయన పిచ్చి అని అనుకునేది. ఆ నెలల్లో మెల్లగా ఆమెదైంది.

శ్రావణం వచ్చేసరికి మామ కర్ర పట్టుకుని ఊరికి వచ్చేశాడు. కాయలు పచ్చరంగు పోయి పసుపురంగుకు తిరిగాయి. రెండు చెట్లు గెలలతో వంగిపోయాయి. ఎడారిలో అయితే చెట్టు మీదే ఎండి గోధుమరంగుకు వస్తాయి. మాకు అప్పుడే వానలు.

మా నాయనకు ఓపిక లేకపోయింది. శ్రావణ శనివారం గండిలో ఆంజనేయస్వామి దగ్గర జనం కిటకిటలాడతారు. ఒక గెల కోసుకుని, తలగుడ్డలో మూట కట్టుకుని పోయాడు. స్వామికి పెట్టి, మిగతావి మెట్ల మీద భక్తులకు పంచాడు. సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏంది నాయనా అట్లుండావు?" అని అడిగాను.

"ఒగాయమ్మ నోట్లో ఏసుకొని ఉమ్మేసినాది. నాలిక గుంజుకపోతాంది అనింది. ఒగరు పాపా, శానా ఒగరు."

మామ కూడా ఒకటి కొరికి చూశాడు. తల ఊపాడు. మంచి జాతి అయితే పసుపు రంగులోనే తియ్యగా ఉంటుంది. గింజ నుంచి వచ్చింది కాబట్టి తల్లి గుణం రాలేదు. చెట్టు మీదే పండితే ఒగరు విరిగి తీపి వస్తుంది. అందుకు ఇంకా మూడు నాలుగు వారాలు ఎండ కావాలి.

ఎండ రాలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. ఒక రోజంతా ముసురు పట్టింది. తడిసిన కాయలు కొన్ని చీలిపోయి పులిసిన వాసన కొట్టాయి. ఇంకో రోజు ఆగితే అన్నీ పోతాయని మామ అన్నాడు. అప్పుడు నిచ్చెన మీద అత్త, కింద నేనూ నాయనా, గెలలన్నీ కోసి దింపాం. మామ చూరు కింద కుర్చీలో కూర్చుని చెప్తూ ఉన్నాడు, ఆ చెప్పడంలో ఉత్సాహం లేదు. ప్లాస్టిక్ బకెట్లలో, గంపల్లో కాయలు నిండాయి. ఎవరూ తినలేని పసుపుపచ్చ కాయలు.

ఊళ్లో రోజుకు సగం పూట కరెంటు పోతోంది. అత్త బతిమాలితే మరుసటి రోజు ఆ బకెట్లు నేనే బస్సులో ప్రొద్దుటూరు తీసుకుపోయాను. చల్లటి చోట ఉంటే నాలుగు రోజులు ఆగుతాయి, ఆలోగా ఊరగాయో మురబ్బానో చూద్దామని ఆమె ఉద్దేశం. ఆమె తమ్ముడు అంగట్లో ఖాళీ లేక వాటిని ఐస్‌క్రీము పెట్టె అడుగున పెట్టాడు. నేను పులివెందులకు వచ్చేశాను. ఆసుపత్రిలో జ్వరాల కేసులు ఎక్కువైన రోజులవి. కాయల సంగతే మరిచిపోయాను.

వారం దాటాక అత్త తమ్ముడు నాకు ఫోను చేశాడు.

"పాపా, నీ బకెట్లు నా ఐస్‌క్రీములకు చోటు ల్యాకుండా చేస్తాండాయి. పారేద్దామని ఒగ బకెట్టు తీసి బయట పెట్టినా. గడ్డకట్టి రాళ్ల మాదిరి ఉండాయి. మధ్యాన్నానికి కరిగినాయి. కరిగినాక రంగు మారినాయి పాపా, గోధుమరంగు. మెత్తగైనాయి."

"కుళ్లిపోయాయేమో."

"నేనూ అట్లే అనుకొని ఒగటి నాలిక మీద పెట్టుకున్యా. చక్కెర! ఒగరే ల్యా. మా ఇంట్లో ఆడోళ్లు ఒగ గిన్నె ఖాళీ చేసినారు. మా అక్కకు చెప్పు."

మామకు నేనే ఫోను చేశాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు. సౌదీలో ఎండ పని చేస్తుంది, ఇక్కడ గడ్డకట్టడం ఆ పని చేసిందా అని ఆశ్చర్యపోయాడు. తర్వాత చదివితే తెలిసింది, గడ్డకట్టి కరిగితే కాయలో ఒగరు విరిగిపోతుందట. ఎడారి దేశాల్లో కొందరు కావాలనే అలా చేస్తారట. మామ ఉన్న తోటలో మాత్రం ఎవరికీ ఆ అవసరం పడలేదు.

మిగతా బకెట్లన్నీ ఐస్‌క్రీము పెట్టెలోనే ఉంచమన్నాడు. "రంజాన్‌దాకా ఉంటాయా?" అని బావమరిదిని అడిగాడు. ఉంటాయన్నాడు. పాపం, చలికాలమంతా ఆ పెట్టెలో సగం చోటు ఆ కాయలకే ఇచ్చాడు.

రంజాన్ నెలలో ఒక సాయంత్రం నన్నూ నాయననూ పిలిచారు. మసీదు ముందు పందిరి కింద చాపలు పరిచారు. అత్త అల్లిన చాపలే అవి. గంజి, పకోడీ, పుచ్చకాయ ముక్కలు, పళ్లేలలో కరిగించిన మా ఊరి ఖర్జూరం. రోజా ఉన్నవాళ్లు అజాన్ వినిపించగానే ముందు ఖర్జూరమే నోట్లో పెట్టుకుంటారు. ఒకాయన, ఏళ్ల తరబడి గట్టు మీద నుంచి ఈతచెట్లని ఎగతాళి చేసినవాళ్లలో ఒకడు, తిని ఇంకోటి తీసుకున్నాడు.

"మెత్తగా బాగుండాది. ఏ కంపెనీదప్పా ఇది?"

"చౌడు కంపెనీ" అన్నాడు మామ.

ఆయనకు అర్థం కాలేదు. పక్కవాళ్లు చెప్పారు. నమలడం ఆపి మామ వైపు చూశాడు, కర్ర వైపు చూశాడు, చెప్పులో రెండు వేళ్లు లేని పాదం వైపు చూశాడు. "మీ ఇంట్లో ఇంకా ఉంటే మా ఆడోళ్లకు నాలుగు పంపించు" అన్నాడు మెల్లగా. అత్త అప్పటికే గిన్నె కట్టిస్తోంది.

ఆ తర్వాత గింజలు కావాలని చాలామంది వచ్చారు. మామ ఎవరికీ ఇవ్వలేదు. "గింజతో నేను పడినేది చాలు. ఆడచెట్టుకు పిలకలుండాయి, ఆగితే అవి ఇస్తా" అన్నాడు. తొలకరిలో మా నాయన గడ్డపార పట్టగా ఆరు పిలకలు విడదీశారు. మట్టలు కత్తిరించి, మొదలుకు బురద పూసి, తడిపిన గోనెలు చుట్టారు. చక్రాయపేటలోనే ఇద్దరికి ఇచ్చారు, అవి బతకలేదు. అత్త తమ్ముడికి ఇచ్చింది ప్రొద్దుటూరులో మేడ వెనక స్థలంలో బతికింది. జమ్మలమడుగులో నాతోపాటు చదివిన నర్సు ఒకామె తీసుకుపోయింది, అదీ బతికింది. పెద్దముడియంలో మా అక్క ఇంటికి ఒకటి నేనే ఆటోలో తీసుకుపోయాను. ఒకటి మామే ఉంచుకున్నాడు.

పెద్దముడియం నల్లరేగడి నేల. వానొస్తే నీళ్లు నిలుస్తాయి. ఖర్జూరానికి అది పడదేమోనని మామకు బెంగ. మొన్న వానల తర్వాత ఒక ఆదివారం కర్ర పట్టుకుని, అత్తను వెంటేసుకుని, జమ్మలమడుగులో బస్సు మారి అక్క ఇంటికి చేరాడు. నేను అప్పటికే అక్కడున్నాను. మంచినీళ్లు తాగకుండానే పెరట్లోకి పోయాడు. అత్త కూర్చుని మొదట్లో మట్టి చేత్తో పక్కకు తీసింది, మొవ్వును రెండు వేళ్లతో పట్టుకుని లాగి చూసింది.

"గట్టిగుండాది" అంది.

"నీళ్లు నిలిచినాయి గదా. చుట్టూ కాలవ తీయాల," అన్నాడు ఆయన.

"తీద్దాం. ముందు మీరు మాత్ర ఏసుకొని రెండు ముద్దలు తినండి."

అక్క సంగటి, పప్పు వడ్డించింది. తిన్నాక అక్క భర్త పార తెచ్చాడు. మామ మంచం మీద కాలు చాపుకుని ఏ పక్కకు వాలు ఇవ్వాలో చెప్తూ ఉన్నాడు. ఆయన చెప్పినదానికి అత్త సగం ఒప్పుకుని, సగం తన ఇష్టప్రకారం గీత గీసి తవ్వించింది.